బిడ్డను అప్పగించే ఇంటికి కట్టుబాట్లు



తెల్లవారుజామున తడ దగ్గర జాతీయ రహదారి పక్కన కాసేపు నిలబడితే ఈ ప్రాంతం ఎంత మారిపోయిందో అర్థమవుతుంది. కంపెనీ బస్సులు వరసగా వచ్చి ఆగుతుంటాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో ఆడవాళ్లు గబగబా ఎక్కేస్తుంటారు. వాళ్లలో పసిబిడ్డల తల్లులూ ఉంటారు. నిద్రమత్తు వదలని బిడ్డను ఎక్కడో ఒకచోట దింపాకే బస్సు దగ్గరికి పరుగెత్తుకొస్తారు. అత్తగారి దగ్గరో అమ్మ దగ్గరో దింపే వీలు కొందరికే ఉంటుంది. సొంతవాళ్లు దగ్గర లేనివాళ్లకు పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే ఇల్లే దిక్కు.

ఈ ప్రసంగం ఆ పక్క వీధి ఇంటి గురించి. నెలకింత అని మాట్లాడుకుని నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే ఇల్లు ఎలా నడవాలి, ఏయే పద్ధతులు పెట్టుకోవాలి, వాటిలో ఏవి కాగితం మీద ఉండాలి అన్నది విషయం. ఊళ్లలో ఈ పని చాలాకాలంగా నోటి మాట మీదే నడుస్తోంది. "మా బిడ్డలాగే చూసుకుంటాంలే అమ్మా" అనే మాటలో అబద్ధం ఉండదు. కానీ జ్వరం వచ్చినప్పుడు ఏం చేయాలి, తల్లికి ఓవర్‌టైమ్ పడితే ఎవరు తీసుకెళ్లాలి, బిడ్డ పడితే ఎవరికి ముందు చెప్పాలి అన్న ప్రశ్నలకు ఆ మాటలో జవాబు దొరకదు. జవాబులు ముందే రాసి ఉంటే బిడ్డకు క్షేమం, తల్లికి ధైర్యం, చూసుకునే ఆవిడకు రక్షణ.

తడ ఆంధ్ర, తమిళనాడు సరిహద్దు మండలం. ఒక పక్క పులికాట్ సరస్సు, మధ్యలో చెన్నై నుంచి గూడూరు వెళ్లే రైలు మార్గం. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. సరస్సులో చేపల వేట, పొలాల్లో వరి, రోడ్డు మీద చెక్‌పోస్టు, ఇదీ ఒకప్పటి తడ. 2006లో ఈ మండలంలోని మాంబట్టులో అపాచీ పాదరక్షల ఫ్యాక్టరీ మొదలైంది. 2008లో పక్కనే సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో శ్రీసిటీ వచ్చింది. 2015లో అక్కడ ఫాక్స్‌కాన్ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. బూట్లు కుట్టే పనిలో, ఫోన్లు బిగించే పనిలో ఎక్కువ మంది మహిళలే. పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు పనిలో చేరిన అమ్మాయిలు పెళ్లిళ్లు చేసుకున్నారు, తల్లులయ్యారు. జీతం వదులుకునే స్థితి ఇంట్లో లేదు. బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్న అలా ఇల్లిల్లూ చేరింది.

చట్టం ఈ తల్లికి ఎంతవరకు తోడుంటుందో చూద్దాం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, అప్పటిదాకా 12 వారాలున్న జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేశారు. అదే సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ (పిల్లల్ని చూసుకునే కేంద్రం) ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చెప్పింది. అంతకు చాలా ముందే, 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ 50 మంది నిబంధన కొనసాగింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 26 వారాల సెలవులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్న తల్లి తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు 18 వారాలు, అంటే నాలుగు నెలలు దాటి కొద్దిరోజులు. ప్రభుత్వ శిశు సంరక్షణ కేంద్రాల పథకం 6 నెలలు నిండిన బిడ్డల నుంచే మొదలవుతుంది. 2006లో రాజీవ్ గాంధీ పేరుతో వచ్చిన ఆ పథకమే ఇప్పుడు మిషన్ శక్తి కింద పాల్నా పేరుతో, అంగన్‌వాడీలకు క్రెష్‌ను జోడించే పద్ధతిలో నడుస్తోంది. రోజుకు ఏడున్నర గంటలు దాని లెక్క. తెల్లవారకముందే బస్సెక్కి, ఎనిమిది గంటల షిఫ్టు చేసి, మళ్లీ బస్సులో తిరిగొచ్చే తల్లికి ఆ ఏడున్నర గంటలు చాలవు. కంపెనీలో క్రెష్ ఉన్నా, రద్దీ బస్సులో ఐదు నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని రానూపోనూ ప్రయాణం చేయడానికి చాలామంది తల్లులు ఒప్పుకోరు. ఈ సందులోనే పక్కింటి అవ్వ, ఎదురింటి అక్క నిలబడ్డారు. వాళ్లు చేసేది చిన్న సాయం కాదు. ఒక పారిశ్రామిక ప్రాంతం రోజూ నడవడానికి కావలసిన పని.

ఆ పనికి మన దేశం మొత్తానికి వర్తించే ప్రత్యేక నమోదు చట్టమంటూ లేదు. వేరే దేశాల్లో ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం నమోదు చేసుకుని చేసే వృత్తి. ఇంగ్లండులో అలాంటివాళ్లు ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ దగ్గరో, దాని గుర్తింపు ఉన్న ఏజెన్సీ దగ్గరో పేరు నమోదు చేసుకోవాలి. ఒక్కరే చూసుకుంటుంటే ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. ఆ ఆరుగురిలో బడి ఈడుకు రాని చిన్నవాళ్లు ముగ్గురే ఉండాలి, వాళ్లలో ఏడాది లోపు పసిబిడ్డ ఒక్కరే ఉండాలి. సొంత పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. 16 ఏళ్లు దాటి ఆ ఇంట్లో ఉండే ప్రతి మనిషి నేపథ్యాన్నీ పరిశీలిస్తారు. పసిపిల్లల ప్రథమ చికిత్స శిక్షణ 12 గంటలు, మూడేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి.

మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో ఇలాంటి ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. చిన్న ఇంటికి 8 మంది పిల్లల దాకా, సహాయకురాలు ఉన్న పెద్ద ఇంటికి 14 మంది దాకా హద్దు. రెండేళ్లలోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు ప్రతి 15 నిమిషాలకూ దగ్గరికెళ్లి చూసి, చూసినట్టు రాసిపెట్టాలి. ఆరు నెలలకోసారి అగ్నిప్రమాదం, భూకంపం వస్తే పిల్లలతో ఎలా బయటపడాలో సాధన చేయాలి. ఈ నిబంధనల్లో చాలావాటికి డబ్బు ఖర్చు కాదు. ఒక గోడ గడియారం, ఒక నోటుబుక్కు ఉంటే తడలో అయినా వాటిని పాటించవచ్చు.

మన దగ్గర కూడా ఆధారపడదగ్గ పత్రం ఒకటుంది. 2018లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ క్రెష్‌లకు కనీస మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒక్కో బిడ్డకు 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు, వీలైతే నేల అంతస్తు, పనివాళ్లకు పోలీసు వెరిఫికేషన్ వంటివి అందులో ఉన్నాయి. పిల్లలు ఉన్న వేళలో ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్ల వంటి బయటివాళ్లను లోపలికి రానివ్వవద్దని కూడా చెప్పింది. అవి కంపెనీ క్రెష్‌ల కోసం రాసినవే అయినా, ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు ముందు ఒప్పుకోవలసినవి కూడా అవే.

ఇక ఇంటి సంగతికి వద్దాం.

మొదటి కట్టుబాటు సంఖ్య. ఒక్క మనిషి ఎంతమందిని చూడగలదో ముందే తేల్చుకుని, ఆ సంఖ్య దాటకూడదు. ఐదుగురికి తోడు "ఈ ఒక్క నెలకే" అంటూ ఆరో బిడ్డ, మొహమాటానికి ఏడో బిడ్డ చేరడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. మంటలు లేచినా, వాన నీళ్లు ఇంట్లోకి వచ్చినా నడవలేని బిడ్డలు ఎంతమందిని ఒక్క మనిషి చంకలో వేసుకుని బయటికి పరుగెత్తగలదు? ఇద్దరిని. కాబట్టి నడక రాని పిల్లలు ఇద్దరికి మించి ఉంటే రెండో మనిషి ఇంట్లో ఉండి తీరాలి. పిల్లల్ని చూసుకునే ఆవిడకు ఒంట్లో బాగాలేని రోజు ఎవరొస్తారన్నదీ ముందే తెలియాలి. ఆ మనిషిని తల్లిదండ్రులు ఒకసారైనా చూసి ఉండాలి.

రెండోది ఇల్లు. బిడ్డ ఎత్తులో కూర్చుని ఇల్లంతా చూస్తే ప్రమాదాలు కనిపిస్తాయి. స్నానాల గదిలో సగం నిండిన బకెట్టు పాకే బిడ్డకు చెరువుతో సమానం. వాడాక బోర్లించాలి. సంపు మూతకు తాళం ఉండాలి. వంటగది గుమ్మానికి అడ్డం పెట్టాలి. దోమల మందు ద్రవం, యాసిడ్, ఫినాయిల్ పై అల్మారాలోకి పోవాలి. పూజ గూట్లో కర్పూరం సంగతి చాలామందికి తట్టదు. కొద్దిగా మింగినా పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి. చీర ఉయ్యాల మన ఇళ్లలో ప్రాణప్రదమైనది. అయితే కదలడం, లేచి కూర్చోవడం వచ్చిన బిడ్డ అందులో మెలికపడే ప్రమాదం ఉంది కనుక ఎదురుగా మనిషి లేకుండా అందులో పడుకోబెట్టకూడదు. నిద్రకు చదునైన గట్టి పరుపు లేదా చాప, దిండు లేకుండా, వెల్లకిలా.

వెంట తెచ్చుకునే వస్తువులకూ ఒక మాట ఉండాలి. కాలి గజ్జెల మువ్వలు ఊడి నోట్లోకి పోతాయి. మెడలో తాయెత్తు దారం నిద్రలో బిగుసుకుంటుంది. బంగారు పోగులు, ఉంగరాలు పోతే చుట్టరికాలు చెడతాయి. "బంగారం, మెడ దారాలు, మువ్వల గజ్జెలు ఇంట్లోనే తీసి పంపాలి" అని చేర్చుకునే రోజే చెప్పి రాయించుకుంటే ఎవరికీ బాధ ఉండదు.

మూడోది చేర్చుకునే కాగితం. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, టీకాల కార్డు నకలు, పడని తిండి, ఇదివరకు ఫిట్స్, ఆయాసం వచ్చాయా, చూపించే డాక్టరు ఎవరు, ఇవన్నీ అందులో ఉండాలి. తల్లీతండ్రుల ఫోను నంబర్లు చాలవు. చాలా ఫ్యాక్టరీల్లో పనిలో ఉన్నంతసేపు ఫోను లాకర్లోనే ఉంటుంది. కాబట్టి తల్లి పనిచేసే లైను సూపర్‌వైజరు లేదా హెచ్‌ఆర్ నంబరు తీసుకోవాలి. ఆ తర్వాత బిడ్డను తీసుకెళ్లడానికి ఎవరెవరికి హక్కుందో పేర్లతో, ఫొటోలతో రాయించుకోవాలి. ఆ జాబితాలో లేని మనిషి సొంత మేనమామనని చెప్పినా తల్లితోనో తండ్రితోనో మాట్లాడకుండా బిడ్డను పంపకూడదు. ఆలుమగలు విడిపోయి గొడవల్లో ఉన్న ఇళ్ల పిల్లల విషయంలో ఈ ఒక్క నియమం ఎన్నో అనర్థాలను ఆపుతుంది.

తిండి దగ్గర రెండు దారులున్నాయి. తల్లి పంపిన డబ్బాలోది పెట్టడం, లేదా ఇంట్లో వండి పెట్టడం. ఏదైనా ముందే మాట్లాడుకోవాలి. పిండి పంపిన తల్లిపాలు 25 డిగ్రీలలోపు గదిలో నాలుగు గంటలే బాగుంటాయి. రోహిణీ కార్తె ఎండల్లో తడ ఇళ్లలో ఆ చల్లదనం ఉండదు. అందుకే పాలు రాగానే ఫ్రిజ్‌లోకి పోవాలి, సీసా మీద బిడ్డ పేరు, పిండిన సమయం రాసుండాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. వేరుశనగ గుళ్లు, పప్పు చెక్కీ, సపోటా గింజలు, చింతగింజలు చిన్నపిల్లలకు అందకూడదు. గొంతులో ఇరుక్కుని ఏడాది లోపు బిడ్డకు ఊపిరాడకపోతే, తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు వేయాలి. ఫలితం లేకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఐదుసార్లు నొక్కాలి. ఇది విని తెలుసుకుంటే చాలదు. శిక్షణలో బొమ్మ మీద చేసి చూడాలి.

మందుల విషయంలో మొహమాటం అస్సలు పనికిరాదు. తల్లి లేదా తండ్రి రాసిచ్చిన కాగితం లేకుండా ఒక్క చుక్క వేయకూడదు. మందు పేరు, ఎంత, ఏ వేళకు, ఏ కారణానికి అని రాసిస్తేనే వేయాలి. వేసిన ప్రతిసారీ సమయం రాసి సంతకం పెట్టాలి. వసకొమ్ము అరగదీసి నాకించడం, కడుపునొప్పికి నాటు మందు పోయడం ఏ అవ్వయినా ప్రేమతో చేసే పనే. కానీ అది ఆవిడ మనవడికి చేసుకోవచ్చు గానీ అప్పగించిన బిడ్డకు చేయకూడదు.

జబ్బు చేసిన బిడ్డను ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు వద్దనాలి అన్నదగ్గరే ఎక్కువ మాటపట్టింపులు వస్తాయి. సెలవు పెడితే తల్లికి జీతం కోత. తీసుకుంటే మిగతా నలుగురు పిల్లలకూ అంటుతుంది. అందుకని గీత స్పష్టంగా ఉండాలి. ఒళ్లు 100.4 ఫారన్‌హీట్ దాటితే జ్వరం. వాంతులు, విరేచనాలు తగ్గాక 48 గంటలు గడవాలి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా ఆగాలి. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక కనీసం నాలుగు రోజులు. మధ్యాహ్నం విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. ఓఆర్‌ఎస్ ఇవ్వవచ్చన్న అనుమతి కూడా చేర్చుకునే రోజు కాగితంలోనే ఉండాలి.

ఇవన్నీ ఒక పూట ఎలా కాగితం మీదికి వస్తాయో దగ్గరగా చూద్దాం. పధ్నాలుగు నెలల బాబు పేజీ ఒకటి అనుకుందాం.

"5.40కి వాళ్ల నాన్న దింపాడు. మూడు రోజుల కిందట ఒకసారి వాంతి అయిందన్నాడు. ఇప్పుడు 98.4. ఎడమ మోకాలి మీద పాత గీత ఉంది, నాన్నకు చూపించాం. 7.15కి రాగిజావ సగం గిన్నె. 9.30కి పడుకున్నాడు, 10.50కి లేచాడు. 12.10కి పప్పన్నం నాలుగు ముద్దలు. 1.20కి గడప తగిలి పడ్డాడు. నుదుటి మీద చిన్న బొప్పి. చల్లని గుడ్డ వేశాం. వెంటనే ఏడ్చాడు, ఐదు నిమిషాల్లో మళ్లీ ఆడుకున్నాడు. 1.25కి అమ్మకు ఫోను, తీయలేదు. 1.27కి నాన్నకు చెప్పాం. వాంతి, మత్తు లేవు. 2.50కి అమ్మ వచ్చింది, బొప్పి చూసింది." కింద ఇద్దరి సంతకాలు.

రాయడానికి మూడు నాలుగు నిమిషాలు కూడా పట్టవు. కానీ ఎంత మేలు చూడండి. మోకాలి గీత పొద్దునే రాసి ఉంది గనుక అది ఈ ఇంట్లో తగిలిన దెబ్బ కాదని తేలిపోయింది. బొప్పి సంగతి దాచలేదు గనుక తల్లికి అనుమానం రాలేదు. మూడు రోజుల కిందట వాంతి అయిన సంగతి పొద్దునే తెలియడం వల్ల, పడ్డాక వాంతి అయితే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో డాక్టరుకు తెలుస్తుంది. తలకు దెబ్బ తగిలాక మళ్లీ మళ్లీ వాంతులు, లేపినా లేవని మత్తు, ఫిట్స్ కనిపిస్తే తల్లిదండ్రులు ఫోను తీసేదాకా ఆగకుండా ముందు 108 అంబులెన్సుకు ఫోను చేయాలి.  ఇంటి గుర్తు, వీధి పేరు, దగ్గరి గుడో బడో ఫోను పక్కనే గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే కంగారులో ఎవరు ఫోను చేసినా చెప్పగలుగుతారు.

కొట్టడం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. "మాట వినకపోతే రెండు వేయండక్కా" అని తల్లే అనుమతి ఇవ్వడం మన ఊళ్లలో మామూలు. ఆ అనుమతి చెల్లదు. పిల్లల పట్ల క్రూరత్వానికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ మూడేళ్ల దాకా జైలు శిక్ష చెబుతోంది. సంరక్షణ అప్పగించిన సంస్థను నడిపేవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు చేస్తే ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అలా ఉంచినా, రెండేళ్ల బిడ్డ మొండితనానికి మూలం చాలాసార్లు ఆకలి, నిద్ర, ఉక్క. చెంపదెబ్బతో ఈ మూడింటిలో ఏదీ తీరదు. చీకటి గదిలో పెట్టడం, అన్నం పెట్టనని బెదిరించడం, బూచాడికి ఇచ్చేస్తాననడం కూడా ఈ ఇంట్లో ఉండవని రాసుకోవాలి.

లైంగిక వేధింపుల నుంచి రక్షణ అంతకన్నా పెద్ద మాట. పిల్లలు ఉన్న వేళలో ఇంట్లో ఎవరెవరు ఉంటారో తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. స్నానం, డైపర్ మార్చడం ఎవరు చేస్తారో పేరు చెప్పి ఉండాలి. వచ్చేపోయే బంధువులు, అద్దెకున్నవాళ్లు పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. అనుమానం కలిగినా పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి విధి. తెలిసీ చెప్పకపోతే అదే నేరం. బిడ్డ ఇంటి దగ్గరే దెబ్బలు తింటోందని చూసుకునే ఆవిడకు అనిపించినా ఇదే దారి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే సలహా, సాయం దొరుకుతాయి.

ఫోను మరో కొత్త సమస్య. అన్నం తినిపించడానికి చేతికి ఫోను ఇవ్వడం తేలిక. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అలాగే పిల్లల ఫొటోలు తల్లికి పంపవచ్చు గానీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. స్నానాల ఫొటోలు ఎవరికీ పంపకూడదు, అసలు తీయకూడదు.

డబ్బు మాట ముందే తేలితే స్నేహం నిలుస్తుంది. నెల జీతం ఏ తేదీకి, ఎన్ని గంటలకు ఎంత, ఓవర్‌టైమ్ గంటకు ఎంత, షిఫ్టు మారితే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, బిడ్డ రాని రోజులకు కోత ఉంటుందా, సంక్రాంతికి, ఉగాదికి ఎన్ని రోజులు సెలవు, మాన్పించాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఇవన్నీ ఒకే పేజీలో పడతాయి. చూసుకునే ఆవిడ కూడా మనిషే. వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి కొన్ని సెలవులు ఆ పేజీలో ఉండకపోతే ఆ పని ఎక్కువకాలం సాగదు. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా నమోదు చేసుకుంటే చేస్తున్న పనికి ఒక గుర్తింపు, బ్యాంకు దగ్గర ఒక ఆధారం ఏర్పడతాయి. జీఎస్టీ భయం అక్కర్లేదు. సేవలకు ఏటా 20 లక్షల రాబడి దాకా ఆ నమోదు అవసరం లేదు.

తడకు మాత్రమే ప్రత్యేకంగా కావలసిన కట్టుబాటు ఇంకొకటుంది. అది వాన. ఇక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను, దానికి ముందు రోజుల్లో చెన్నై నుంచి నెల్లూరు దాకా కుండపోతగా కురిసింది. అలాంటి పూట తల్లి బస్సు రోడ్డు మీదే ఆగిపోతే బిడ్డ రాత్రికి ఎక్కడుంటుంది? తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇల్లు తెరుస్తారా లేదా, మధ్యలో హెచ్చరిక వస్తే ఎన్ని గంటలకల్లా తీసుకెళ్లాలి, ఎవరూ రాలేకపోతే రాత్రి ఉంచుకోవడానికి ఒప్పందమేమిటి అన్నది సెప్టెంబరులోనే రాసుకోవాలి. రెండు రోజులకు సరిపడా పాలపొడి, కాచిన నీళ్లు, డైపర్లు, టార్చిలైటు, ఛార్జింగ్ పెట్టిన పవర్‌బ్యాంకు ఇంట్లో సిద్ధంగా ఉండాలి. తమిళం మాట్లాడే తల్లులు కూడా ఈ ఇళ్లకు వస్తారు గనుక ఆ ఒప్పందం వాళ్లకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి.

ఇదంతా ఒక్క ఆవిడ భుజాన వేస్తే మోయలేదు. పని చేసుకునే తల్లుల బిడ్డల కోసం మన దేశంలో జరిగిన మంచి ప్రయత్నాలన్నీ సమష్టిగా జరిగినవే. 1969లో గాంధీ శతజయంతి కోసం ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర కట్టడం పనులు జరుగుతుంటే, కూలి తల్లుల బిడ్డలు ఎండలో మట్టిలో పడి ఉండడం చూసి మీరా మహాదేవన్ ఒక డేరాలో శిశు సంరక్షణ కేంద్రం తెరిచారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయింది. అహ్మదాబాదులో స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవ' అండతో పిల్లల్ని చూసుకునే మహిళలే సభ్యులుగా సంగిని అనే సహకార సంఘం నడుస్తోంది. తడ ప్రాంతంలో డ్వాక్రా సంఘాలు, మండల మహిళా సమాఖ్య ఇప్పటికే బలంగా ఉన్నాయి. పిల్లల్ని చూసుకునే ఇళ్లన్నిటినీ ఒక సంఘంగా చేర్చడం వాళ్లకు కొత్త పని కాదు. ఒకరికి జ్వరమొస్తే మరొకరు వెళ్లే ఏర్పాటు, అందరికీ ఒకే రకం నోటుబుక్కు, ఏడాదికోసారి ప్రథమ చికిత్స శిక్షణ ఆ సంఘం ద్వారా తేలికగా జరుగుతాయి.

కంపెనీల వంతు కూడా ఉంది. క్రెష్‌ను సంస్థ విడిగా గానీ, మరికొందరితో కలిసి ఉమ్మడిగా గానీ ఏర్పాటు చేయవచ్చని చట్టం చెబుతోంది. తల్లులు నివసించే చోటుకు దగ్గరగా కూడా క్రెష్ ఉండవచ్చని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. పద్ధతిగా నడిచే పది ఇళ్లను గుర్తించి, వాటిని మూడు నెలలకోసారి తనిఖీ చేయించి, తల్లుల తరఫున నెల రుసుములో కొంత భరిస్తే కంపెనీకి అయ్యే ఖర్చు తక్కువ. బిడ్డ భద్రంగా ఉందన్న నమ్మకం ఉంటే తల్లి పని మానుకోవలసిన అవసరం రాదు. షిఫ్టు మార్పును వారం ముందు చెప్పడం, బిడ్డకు దెబ్బ తగిలిందని ఫోను వస్తే లైను దగ్గరికి వెంటనే కబురు చేరవేయడం అసలు ఖర్చే లేని పనులు.

ఈ ఇళ్లలో ఒకదానికి బిడ్డను కొత్తగా పంపుతున్న తల్లికి చివరగా ఒక క్రమం. పనిలో చేరడానికి పది రోజుల ముందే మొదలుపెట్టండి. మొదటి రోజు బిడ్డతో పాటు మీరూ గంటసేపు అక్కడే కూర్చోండి. స్నానాల గది, వంటగది, సంపు మూత చూపించమని అడగండి. పద్ధతిగా నడిచే ఇల్లయితే ఆవిడ నొచ్చుకోదు. రెండో రోజు అరగంట బయటికెళ్లి రండి. నాలుగో రోజు ఒక పూట వదిలి చూడండి. ఐదో రోజు బిడ్డను తీసుకురావడానికి జాబితాలో లేని బంధువెవరైనా వెళ్తే, మీకు ఫోను చేసి అడిగాకే బిడ్డను ఇస్తున్నారా అని గమనించండి. ఏడో రోజుకు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రాసుకున్న కాగితాన్ని మొదటినుంచీ పైకి చదవండి. సందేహం ఉన్నచోట ఆగి, మార్చవలసింది మార్చి, రెండు ప్రతుల మీదా సంతకాలు పెట్టి చెరొకటి దగ్గర పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత, బిడ్డకు నడక వచ్చాక, అదే కాగితాన్ని మళ్లీ తీసి చదవడానికి ఒక తేదీ కూడా అప్పుడే రాసుకోండి.